కోసివ్ పళ్లెం మీద జింకే ఉండాలా?

ఉక్రెయిన్ అనగానే తెలుగు ఇళ్లలో గుర్తొచ్చేవి రెండే: మెడిసిన్ సీటు, యుద్ధం. ఆ దేశపు పడమటి కొసన, కార్పేతియన్ కొండల అంచున కోసివ్ అనే చిన్న పట్నం ఉంది. హుత్సుల్ అనే కొండప్రజల సీమ అది. అక్కడి రంగుల మట్టిపాత్రల తయారీ సంప్రదాయాన్ని 2019 డిసెంబరులో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషించాల్సిన సంగతే. అయితే జాబితాకెక్కిన కళకు కొత్త బెడద ఒకటి వస్తుంది. పాత బొమ్మనే మళ్లీ మళ్లీ గీయమని అడిగే అభిమానులు పెరుగుతారు.

సారె మీద తీసిన పాత్రకు కోసివ్ కుమ్మరులు ముందుగా పల్చటి తెల్లమట్టి పూత వేస్తారు. దాని మీద సన్నటి లోహపు మొనతో బొమ్మ గీస్తారు. తాటాకు మీద గంటం నడిచినట్టే ఉంటుంది ఆ పని. మొన తగిలిన చోట పూత లేచిపోయి అడుగునున్న మట్టి బయటపడుతుంది, కాలాక అదే ముదురు గీతగా నిలుస్తుంది. ఆపైన రంగులు, గాజులా మెరిసే పూత, రెండోసారి బట్టీ. వాడే రంగులు ముఖ్యంగా మూడే: ఆకుపచ్చ, పసుపు, గోధుమ. అన్నీ లోహాల ఆక్సైడ్ల నుంచి పుట్టేవే. రాగి వల్ల వచ్చే ఆకుపచ్చ ఉందే, అది మాట వినదు. బట్టీ వేడికి కరిగి, గీత దాటి చెరువులా పరుచుకుంటుంది. ఇంకో చోటైతే ఆ పాత్రను లోపం కింద పక్కన పెట్టేవారేమో. కోసివ్‌లో దాన్ని కన్నీటితో పోల్చి, అందంగానే లెక్కేస్తారు.

ఈ కళ 18వ శతాబ్దంలో మొదలై, 19వ శతాబ్ది నడుమ పతాకస్థాయికి చేరింది. ఆ రోజుల్లో ఒలెక్సా బఖ్మత్యుక్ (1820–1882) అనే కుమ్మరి ఉండేవాడు. చలికొండల్లో ఇంటికి ప్రాణం పొయ్యే. ఆ పొయ్యికి అతికే పలకల మీద అతను వేసిన బొమ్మలు చూడాలి. సాధువులు, జింకలు, పక్షులు ఉన్నాయి, నిజమే. వాటితోపాటు వేటగాళ్లు, వాయిద్యగాళ్లు, ఆస్ట్రియా సామ్రాజ్యపు సిపాయిలు కూడా ఉన్నారు! కోసివ్ అప్పట్లో ఆ సామ్రాజ్యంలోదే మరి. కళ్లెదుట తిరిగిన మనుషులనే అతను పలకకెక్కించాడు. ఇవాళ ఆ సిపాయిలను మ్యూజియంలో చూసి జానపదం అని మురిసిపోతున్నాం కానీ, అతనికి అవి నిన్నటి వార్తలు.

ఆ తర్వాత కోసివ్ పోలండ్ చేతికి, సోవియట్ పాలనలోకి, చివరికి స్వతంత్ర ఉక్రెయిన్‌లోకి వచ్చింది. జెండాలు మారినా పావ్లీనా ట్స్విలిక్ (1891–1964) లాంటివాళ్లు అవే మూడు రంగులతో పని సాగించారు. అంటే ఈ సంప్రదాయానికి ఎముకలు రంగులూ గీతా. బొమ్మలోని వస్తువు ఎప్పుడూ కాలాన్ని బట్టి మారుతూనే వచ్చింది.

పాతకాలపు మెరుపు పూతల్లో సీసం ఉండేది. తినే పళ్లేనికి అది విషం. సంప్రదాయం పేరుతో ఆ సీసమే కావాలని ఇవాళ ఎవరూ పట్టుబట్టరు. మరి జింక కోసం ఎందుకు పట్టుబట్టాలి?

కోసివ్‌లో అలంకరణ కళలు నేర్పే విద్యాసంస్థ ఉంది. కుటుంబాల్లో నేర్చుకునే పిల్లలకు తోడు అక్కడి విద్యార్థులూ ఈ గీతకు వారసులే. 2022 ఫిబ్రవరిలో రష్యా పూర్తిస్థాయి దాడి మొదలయ్యాక వాళ్లు చూసింది సైరన్లు, సరిహద్దు దాటే రైళ్లు, యూనిఫాంలో ఇల్లు విడిచి వెళ్లిన అన్నలు. అవి పళ్లెం మీదికి వస్తే అసలైన కోసివ్ పని కాదనడం బఖ్మత్యుక్‌ను చదవకపోవడమే. సంతలో అమ్ముడవుతాయా అన్న అనుమానం న్యాయమైనదే. ఊరు చూడవచ్చినవాడు సైరన్ బొమ్మను ఇంటికి పట్టుకెళ్లకపోవచ్చు. కానీ బఖ్మత్యుక్ పలకలు కొన్నది పర్యాటకులు కాదు, ఆ చుట్టుపక్కల కొత్త పొయ్యి కట్టించుకున్న ఇళ్లవాళ్లు. ఈ పిల్లలకూ ముందు కావాల్సింది అలాంటి ఇళ్లే.