తాళం వేసిన బీరువా గ్రంథాలయం కాదు

మన పిల్లలు చదివే ప్రతి పాఠశాలలోనూ గ్రంథాలయం ఉండాలని చట్టం చెబుతోంది. 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఈ మాట స్పష్టంగా ఉంది. దినపత్రికలు, మాసపత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని సబ్జెక్టుల పుస్తకాలు అందులో ఉండాలి. ఎంతమంది పిల్లలకు ఎందరు ఉపాధ్యాయులుండాలో కూడా ఆ షెడ్యూలు లెక్క చెప్పింది. పెద్ద బడులకు చిత్రలేఖనం, వ్యాయామం, పని విద్య నేర్పేవారిని సైతం పేర్కొంది. కాని ఆ పుస్తకాలను పిల్లల చేతికి అందించే గ్రంథపాలకుని ఊసు మాత్రం ఎత్తలేదు. అసలు లోపమంతా ఇక్కడే ఉంది.

ఫలితం ఏమవుతోంది? గ్రంథాలయ బాధ్యత ఎవరో ఒక ఉపాధ్యాయునిపై పడుతుంది. ఆయనకు పాఠాలు చెప్పడంతోనే సరిపోతుంది. పైగా పుస్తకం పోతే తన మెడకు చుట్టుకుంటుందన్న భయం. అందుకే బీరువాకు తాళం పడుతుంది. తనిఖీ నాటికి పుస్తకాలన్నీ భద్రంగా ఉంటాయి, చదివినవారే ఉండరు. నిజానికి ఈ భయానికి విరుగుడు ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు (2017) ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోతే, మోసం, నిర్లక్ష్యం లేనంతవరకు, దాన్ని సహజ నష్టంగానే పరిగణించవచ్చని చెబుతున్నాయి. పుస్తకం తిరగాలంటే కొంత అరుగుదల తప్పదని సర్కారే ఒప్పుకుందన్నమాట. రాష్ట్ర పాఠశాలలకూ ఇటువంటి భరోసా స్పష్టంగా ఇస్తే తాళాలు వాటంతటవే ఊడతాయి.

గ్రంథపాలన అంటే పుస్తకాలకు కాపలా కాయడమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. శిక్షణ పొందినవారికి పుస్తకాలను విషయాలవారీగా అమర్చడం తెలుసు. డ్యూయీ పద్ధతిలో గణితానికి 510, ఇస్లాంకు 297 అని సంఖ్యలుంటాయి. ఆ సంఖ్యను బట్టి ఏ పుస్తకమైనా నిమిషంలో చేతికొస్తుంది. ఏ వయసు పిల్లకు ఏ పుస్తకం ఇవ్వాలో, చదవడమంటే ముఖం తిప్పుకునే పిల్లవాణ్ణి ఎలా దారిలో పెట్టాలో కూడా వారికి నేర్పుతారు. ఫోనులో వచ్చిన ప్రతి మాటనూ నమ్మే ఈ రోజుల్లో, ఏది నిజమో ఏది పుకారో తేల్చుకోవడం నేర్పే పనీ వారిదే. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఈ ఉద్యోగానికి లైబ్రరీ సైన్సు చదువుతోపాటు ఉపాధ్యాయ అర్హతనూ కోరుతున్నాయి. అక్కడ గ్రంథపాలకుడు కూడా బోధకుడే.

ఈ విద్య మనకు కొత్తది కాదు. లాహోరులో ఈ విద్య నేర్చిన కె.ఎం. అసదుల్లా 1933లో ఏర్పడిన భారత గ్రంథాలయ సంఘానికి తొలి కార్యదర్శి. 1935లో కలకత్తా ఇంపీరియల్ లైబ్రరీలో శిక్షణ తరగతులు నడిపిందీ ఆయనే. ఆ ఏడాదే ఆంధ్ర విశ్వవిద్యాలయమూ డిప్లొమా మొదలుపెట్టింది. ఇక మన కడపలో, తాళపత్రాలు సేకరించి పండితుల చేత పరిష్కరింపజేసిన బ్రౌన్ దొర పేరిట గ్రంథాలయం నేటికీ నిలిచివుంది.

మరి రాజుపాలెం మండలంలోని ఒక అమ్మాయి ఈ చదువు చదవాలంటే దారేమిటి? ప్రొద్దుటూరులో డిగ్రీ పూర్తిచేసి, ఏడాది కాలపు లైబ్రరీ సైన్సు డిగ్రీ చేయాలి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఈ విభాగం ఉంది. ఇల్లు కదలలేని వారికి ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఇంటర్ చదివినవారికి విజయవాడలో పాతూరి నాగభూషణం పేరిట ఉన్న పాఠశాల సర్టిఫికెట్ కోర్సు నడుపుతోంది. కేంద్రీయ విద్యాలయాల్లో, నవోదయల్లో గ్రంథపాలకుల పోస్టులున్నాయి. అయితే మన ఊరి బడుల్లో పోస్టే లేనప్పుడు పట్టా తెచ్చుకుని ప్రయోజనమేమిటని తల్లిదండ్రులు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాల్సింది ప్రభుత్వం. 1952-53లో మొదలియార్ కమిషన్ నుంచి 2020 నాటి జాతీయ విద్యావిధానం దాకా తగిన గ్రంథాలయ సిబ్బంది కావాలని అంటూనే ఉన్నాయి. మాటలు పోస్టులుగా మారకపోవడమే శోచనీయం.

అంతవరకు మనం చేయగలిగింది లేకపోలేదు. చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. సభ్యుల్లో సగంమంది మహిళలు. సమగ్ర శిక్ష కింద గ్రంథాలయానికి బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రాంటుకు వీలుంది. అది వచ్చిందా, వస్తే ఏ పుస్తకాలు కొన్నారు, ఉర్దూ చదివే పిల్లలకు ఉర్దూ పుస్తకాలు కొన్నారా, వారానికి ఒక పీరియడు చదువుకు కేటాయించారా అని అడిగే హక్కు మన అమ్మలకూ ఉంది. కమిటీలో ఉండి మౌనంగా సంతకం చేసి రావడం తగదు. మండలానికి ఒక్క శిక్షణ పొందిన గ్రంథపాలకుణ్ణయినా నియమించి, బడుల మధ్య తిప్పమని తీర్మానం చేసి పంపుదాం. ముందుగా రేపు బడికి వెళ్ళి, ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో అడుగుదాం.