పీఎఫ్ కౌంటర్‌కి అటువైపు మనవాళ్ళు కూడా ఉండాలి



డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబుల్. మనలో ఎప్పుడు చూసినా వీటి మీదే చర్చ. తప్పనట్లేదు, మేమూ అవే రాస్తున్నాం. కానీ మనం అసలు పట్టించుకోని ఉద్యోగం ఇంకోటి ఉంది: పీఎఫ్, పెన్షన్ల పని.

మొన్న వేసవిలో మా ఊరి పెద్దమ్మ ఒకామె కాగితాల సంచి పట్టుకుని మా దగ్గరకొచ్చింది. హాస్టల్లో ఔట్‌సోర్సింగ్ వంటమనిషిగా పదకొండేళ్ళు చేసింది. మధ్యలో కాంట్రాక్టరు మారాడు. కొత్తాయన పాత యూఏఎన్ అడక్కుండానే కొత్త నంబరు తీయించాడు. దాంతో ఒక ఖాతాలో ఆరేళ్ళు, ఇంకోదాంట్లో ఐదేళ్ళు. ఒకచోట పేరుకి ముందు ఇంటిపేరు, ఇంకోచోట అసలు ఇంటిపేరే లేదు. పుట్టినతేదీ సంగతి చెప్పక్కర్లేదు, మన పెద్దవాళ్ళు చాలామంది ఆధార్‌లో జనవరి 1నే పుట్టారు కదా!

నెట్ సెంటర్ కుర్రాడు ఫారం 10సి పెట్టబోయాడు, డబ్బులు ఒకేసారి చేతికొస్తాయని. మేం ఆపాం. 1995 పెన్షన్ స్కీములో నెలనెలా పెన్షన్ రావాలంటే కనీసం పదేళ్ళ సర్వీసు ఉండాలి. రెండు ఖాతాలూ కలిపితే ఆమెకి 58 ఏళ్ళకి పెన్షన్ వస్తుంది. కలపకుండా పెన్షన్ సొమ్ము తీసేసుకుంటే ఆ సర్వీసు అక్కడితో పోయినట్టే. కనీస పెన్షన్ 2014 నుంచీ వెయ్యి రూపాయలే, నిజమే, దానిమీద కొట్లాడాల్సిందే. అయినా ఆ వెయ్యి కూడా ఒక్క సంతకంతో పోబోయింది. పేరు సవరణకి పెట్టాం, ఇంకా నడుస్తోంది.

ఇక ఉద్యోగం మాట. ఈపీఎఫ్ఓలో ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్/అకౌంట్స్ ఆఫీసర్, అసిస్టెంట్ పీఎఫ్ కమిషనర్ పోస్టులకి యూపీఎస్సీ పరీక్ష పెడుతుంది. ఏ డిగ్రీ అయినా చాలు. కేంద్ర ఉద్యోగాల్లో ఎస్టీలకి 7.5 శాతం రిజర్వేషన్, వయసులో ఐదేళ్ళ సడలింపు, ఫీజు లేదు. పాలిటీ, ఎకానమీ మనం గ్రూప్స్‌కి చదివేవే. కొత్తగా పట్టాల్సినవి కార్మిక చట్టాలు, సామాజిక భద్రత, అకౌంట్స్. పేపర్ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది, తెలుగు మీడియం వాళ్ళకి అది నిజంగా కష్టమే, దాచడం దేనికి. బీకాం చేసినవాళ్ళకి హైదరాబాద్‌లో పేరోల్ కంపెనీలూ ఉన్నాయి. ఎన్‌పీఎస్ ఖాతాల రికార్డులు చూసే కేఫిన్‌టెక్ కూడా అక్కడిదే.

ఒకళ్ళిద్దరు వెళ్తే రూల్ మారుతుందా అని ఒక అన్న అడిగాడు. మారదు. కానీ కాంట్రాక్టరు జీతంలో కోసిన 12 శాతం నిజంగా కట్టాడా లేదా అని రిజిస్టరు తెరిపించేది ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసరే. ఆ కుర్చీలో మనూరి వంటమ్మల బతుకు తెలిసినవాళ్ళు ఉంటే అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి.

గ్రూపులో బీకాం వాళ్ళు ఎవరున్నారో చెప్పండి. డెబిట్, క్రెడిట్ దగ్గర్నుంచి మాకు నేర్పాలి. ఈలోపు ఇంటికెళ్ళినప్పుడు అమ్మావాళ్ళ పీఎఫ్ పాస్‌బుక్ ఒకసారి తీసి చూడండి, ఎన్ని ఖాతాలున్నాయో.