ఆ బాణం ఫోటో మళ్ళీ వచ్చింది

హెలికాప్టర్ మీదికి విల్లు ఎక్కుపెట్టిన అండమాన్ సెంటినల్ మనిషి ఫోటో మళ్ళీ తిరుగుతోంది, మనుషుల్ని తినేవాళ్లంటూ. అది 2004 సునామీ తర్వాత కోస్ట్ గార్డ్ వాళ్లు తీసింది. తింటారనడానికి ఆధారమే లేదు. 2006లో ఇద్దరు జాలర్లని చంపారు, నిజమే. కానీ శవాల్ని ఇసుకలో పూడ్చారు. 1991లో ప్రభుత్వ బృందం కొబ్బరికాయలు తీసుకెళ్తే నీళ్లలోకి దిగొచ్చి మరీ అందుకున్నారు. ఆ ఫోటో మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు!

ఈసారి పెట్టింది బయటోళ్లు కాదు, మన గ్రూపు తమ్ముడే, నవ్వే బొమ్మలతో. నేను కాలేజీలో చేరిన కొత్తలో పక్క బెంచీవాడు ఇలాంటిదే ఫోన్‌లో చూపించి, "మీ ఊళ్లోనూ ఇంతేనా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు మెస్‌కి కూడా పోలేదు నేను. తమ్ముడూ, అది డిలీట్ చెయ్యి.