మైకు ముందు నిలిచే ముందు

గడచిన వేసవిలో బెజవాడలోని ఒక రికార్డింగు స్టూడియోకు నన్ను పిలిచారు. బాలబాలికల కోసం పద్యాలను ధ్వనిముద్రణ చేయిస్తున్నారు, ఉచ్చారణ చూచి పెట్టవలసినదని కోరారు. స్టూడియో అద్దె మూడు గంటలకు. పాడవలసిన అమ్మాయిది చక్కని గాత్రం, శ్రుతి శుద్ధం, కర్ణాటక సంగీతం నేర్చినది. పద్యాలు మాత్రం ఆమె చేతిఫోనులో ఇంగ్లీషు అక్షరాలలో ఉన్నవి.

కల యేదో కళ యేదో, పాట యేదో పాత యేదో ఆ లిపిలో తెలియదు గదా! ఆ సంపుటిలో ఒక స్థానిక కవి కొత్తగా వ్రాసిన పద్యంలో "వానరాకకై" అనే మాట ఉన్నది. అమ్మాయి "వానరా" అని రాగం తీసి, ఊపిరి పీల్చి, "కకై" అన్నది. వాన కోసం ఎదురుచూచే రైతు ఎవరో కోతిని పిలుస్తున్నట్లయినది! నేను చేయి ఎత్తితే, అద్దం అవతలి ఇంజనీరు కుర్రవాడు "తరువాత సరిచేద్దాం లెండి మాస్టారూ" అన్నాడు.

ఈ "తరువాత" అనే మాటతోనే నా తగవు. తప్పిన స్వరాన్ని కంప్యూటరు సరిదిద్దుతుంది, ఒప్పుకుంటాను. విరిగిన మాటను అతికే యంత్రం నాకు తెలిసి లేదు. తరగతిలో నేను తప్పు చెబితే నలభైమంది పిల్లలకు అంటుతుంది, మరునాడు దిద్దుకోవచ్చును. ముద్రితమైన తప్పు ఎన్ని ఇండ్లలో, ఎన్నేళ్ళు మోగుతుందో ఎవరు చెప్పగలరు?

పూర్వం ఈ సౌకర్యం లేదు. డెబ్బై ఎనిమిది చుట్ల గ్రామఫోను రికార్డుకు ఒక వైపున మూడు నిమిషాలకు కొంచెం అటూ ఇటూ పట్టేది. మన డెల్టాలో రంగస్థలం మీద పద్యానికి రాగాలాపన ఎంతసేపు తీసినా "వన్స్ మోర్" అనే జనం ఉండేవారు. ఆ నటుడే రికార్డుకు కూర్చుంటే ఎక్కడ రాగం తీయాలో, ఎక్కడ మాటతో సరిపెట్టాలో ముందే తేల్చుకోక తప్పేది కాదు. సినిమా పాట సంగతీ అంతే. గాయకుడూ వాద్యబృందమూ కలిసి పాడవలసినదే. చివరి చరణంలో వయొలిన్ తప్పినా పల్లవి నుండి మళ్ళీ మొదలు. అందుకే రిహార్సలు అన్నది అలంకారం కాదు, అవసరం. 1948 డిసెంబరు 1న ఆరంభమైన విజయవాడ ఆకాశవాణి తొలి దశాబ్దాలలో ఎన్నో కార్యక్రమాలు నేరుగా ప్రసారమయ్యేవి. ఎర్రదీపం వెలిగిన తరువాత దిద్దుబాటు లేదు.

గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారి "పుష్పవిలాపం" విన్నవారికి వేరే ఉదాహరణ అక్కరలేదు. కరుణశ్రీగారి పద్యాలలో అక్కడ మాట ముందు వినబడుతుంది, రాగం దాని వెనుక నడుస్తుంది. అది గొంతు గొప్పతనం మాత్రమే అని నేను అనుకోను. పద్యం అర్థమైనవాడు ఊపిరిని ఎక్కడ దాచుకోవాలో ముందే ఎరిగి పాడిన పాట అది.

ఊపిరి అన్నాను గనుక ఒక పొరపాటును ప్రస్తావించాలి. చాలామంది యతిస్థానం అంటే ఆగవలసిన చోటు అనుకుంటారు. సంస్కృతంలో యతి విరామమే. తెలుగులో అది అక్షరమైత్రి. ఉత్పలమాలలో పదవ అక్షరం దగ్గర, చంపకమాలలో పదకొండవ అక్షరం దగ్గర వడి కుదరాలే గాని, అక్కడ మాట ముగియాలని ఎవరూ శాసించలేదు. పాదం చివర కూడా మాట ముగియనక్కరలేదు, రెండవ పాదంలోకి నిశ్చింతగా జారిపోవచ్చును. కాబట్టి ఛందస్సును చూచి కాదు, అన్వయాన్ని చూచి ఊపిరి తీయాలి. ఇది స్టూడియోలో తేలే విషయం కాదు. ఇంట్లో పెద్ద తెలుగక్షరాలతో పద్యాన్ని స్వహస్తంతో వ్రాసి, పదవిభాగం చేసుకొని, ఎర్రసిరాతో గీతలు పెట్టుకొని రావాలి.

మైకు కూడా తన పేచీ తాను పెడుతుంది. ఫ, భ వంటి అక్షరాల గాలి దానికి తగిలి "బుస్సు"మంటుంది. అందుకని ఒత్తులు తగ్గించి పలకమని కొందరు సలహా ఇస్తారు. అది పాపం! మైకును కొంచెం పక్కకు జరిపితే, ముందొక తెర పెడితే సరిపోతుంది. "క్లిక్" అనే తాళపు టిక్కుటిక్కు చెవిలో పెట్టి పద్యం పాడించడం ఇంకొక వింత. తాళం లేకుండా భావాన్నిబట్టి సాగే పద్యం దానితో ఎక్కాలు వల్లించినట్లవుతుంది. (పంకా చప్పుడు మైకులో పడుతుందని దానిని కూడా ఆపారు. బెజవాడ మే నెల!)

ఆ రోజు ఒక్క పద్యం కూడా పూర్తికాలేదు. అద్దె వృథా అయినదని నిర్వాహకులు నా మీద కినిసినారు. వారి బాధ న్యాయమే. వారం తిరిగేసరికి అమ్మాయి మా యింటికి ఒక నోటుపుస్తకం పట్టుకొని వచ్చినది. పద్యాలన్నీ తెలుగులో, గుండ్రంగా. "మాస్టారూ, ఈ రెండో పాదంలో ఊపిరి తీసుకోవడానికి చోటే కనబడటంలేదండీ" అన్నది. నిజమే, ఆ సమాసం అంత పొడవు. ఇద్దరం వసారాలో కూర్చొని చోటు వెదికాము.