ఒకే పచ్చ సైనికుడు, మూడు కన్సోల్స్: మార్కులు ఎందుకు మారాయి?

గేమ్ రివ్యూలో రేటింగ్ ఇచ్చి, ఏ మెషీన్ మీద ఆడారో రాయకపోతే ఆ రేటింగ్‌ని నేను సగమే నమ్ముతాను. కొంచెం మొండి అభిప్రాయమే అనుకోండి. కానీ దీనికి నా దగ్గర ఒక పాత ఉదాహరణ ఉంది: 'ఆర్మీ మెన్: సార్జెస్ హీరోస్'. త్రీడీఓ కంపెనీ తీసిన బొమ్మ సైనికుల గేమ్. 1999లో నింటెండో 64 మీద వచ్చింది, 2000లో ప్లేస్టేషన్ మీద, అదే ఏడాది చివర్లో సెగా డ్రీమ్‌కాస్ట్ మీద. కథ ఒకటే, హీరో ఒకడే, తుపాకులూ అవే. కానీ నింటెండో 64 దగ్గర "ఐడియా బాగుంది, ఇంకాస్త చెక్కి ఉంటే" అన్న ధోరణిలో ఉన్న క్రిటిక్స్, డ్రీమ్‌కాస్ట్ దగ్గరికొచ్చేసరికి "ఇంకా ఇదేనా?" అనే మూడ్‌లోకి వెళ్లిపోయారు.

ముందు గేమ్ సంగతి చూద్దాం. 'టాయ్ స్టోరీ' సినిమాలో బకెట్‌లోంచి బయటికొచ్చే పచ్చ ప్లాస్టిక్ సైనికులు గుర్తున్నారా? పాదాల కింద చిన్న ప్లాస్టిక్ పలకతో నడుస్తారే, వాళ్లే. అమెరికాలో 1930ల చివరి నుంచీ పిల్లలు ఆడుకున్న బొమ్మలవి. వాటిని తీసుకుని త్రీడీఓ ఒక యుద్ధం అల్లింది. పచ్చ సైన్యం తరఫున సార్జ్, లేత గోధుమ రంగు టాన్ సైన్యానికి జనరల్ ప్లాస్ట్రో. టాన్ సైన్యం చేతికి చిక్కిన తన మనుషుల్ని సార్జ్ ఒక్కొక్కళ్లనే విడిపించాలి. మజా ఎక్కడంటే, బొమ్మల లోకంలోంచి మన లోకంలోకి దారులుంటాయి. అలా కాసేపు అడవిలో, మంచులో కాల్చుకుంటారు, కాసేపు మన బాత్రూమ్‌లో, వంటింట్లో, హాల్లో. మనకి కాలికి తగిలితే విసుక్కునే వస్తువు వాళ్లకి కొండ. ఫ్లేమ్‌త్రోయర్‌తో కొడితే శత్రువు కరిగిపోతాడు, బాంబు పేలితే ముక్కలవుతాడు. రక్తం చుక్క ఉండదు. ప్లాస్టిక్ కదా!

ఈ ఐడియాని తిట్టిన రివ్యూ అరుదు. తిట్లన్నీ పడింది కెమెరా మీద, గురి సరిగా కుదరకపోవడం మీద, శత్రువుల తెలివితక్కువతనం మీద. ఈ లోపాలు మూడు కన్సోల్స్‌లోనూ ఉన్నాయి. మరి మెషీన్ మారినప్పుడల్లా ఆదరణ ఎందుకు మారింది?

నా ఉద్దేశంలో పెద్ద కారణం ప్లాస్టిక్కే.

నింటెండో 64 మెమరీ 4 ఎంబీ. గేములు కార్ట్రిడ్జ్ మీద వచ్చేవి, వాటిలో చోటు చాలా తక్కువ. అందుకే ఆ మెషీన్ మీద మనుషుల మొహాలు అలికేసినట్టు ఉండేవి, బట్టలు రంగు పూసిన అట్టముక్కల్లా కనిపించేవి. 'గోల్డెన్‌ఐ'లో గార్డుల మొహాలు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇప్పుడు అదే మెషీన్ మీద ఒక బొమ్మ సైనికుణ్ణి పెట్టండి. తల నుంచి కాలి దాకా ఒకటే రంగు, మొహంలో వివరాలు అక్కర్లేదు, చేతులు బిగుసుకుపోయి ఉన్నా తప్పు కాదు. నిజం బొమ్మ కూడా అలాగే ఉంటుంది! మెషీన్ చేతకానితనం మొత్తం ఆ పచ్చ రంగు కింద దాక్కుంది. పైగా ఆ మెషీన్ టెక్స్చర్లని మెత్తగా అలికి చూపిస్తుంది, ప్లాస్టిక్‌కి ఆ నునుపు భలే నప్పింది. కంట్రోలర్ మధ్యలో అనలాగ్ స్టిక్, ముందు నాలుగు పోర్టులు. నలుగురు పక్కపక్కనే కూర్చుని స్క్రీన్‌ని నాలుగు ముక్కలు చేసుకుని కొట్టుకోవచ్చు. కెమెరా ఎంత విసిగించినా, నలుగురు కూర్చున్న చోట దాన్ని పట్టించుకునేదెవరు?

ప్లేస్టేషన్‌కి వచ్చేసరికి లెక్క మారింది. మెయిన్ మెమరీ 2 ఎంబీ, వీడియోకి ఇంకో 1 ఎంబీ. సీడీలో చోటుకి కొదవ లేదు కానీ, త్రీడీ గీసే పద్ధతి వల్ల గోడలు, నేల కెమెరా కదిలినప్పుడల్లా నీళ్లలో నీడలా వణుకుతాయి. ఆ మెషీన్‌తో పెరిగినవాళ్లకి ఆ వణుకు ఒక జ్ఞాపకం, నాకూ ఇష్టమే. కానీ వంటగది బల్లంత పెద్ద మైదానంలో, దూరంగా ఉన్న చిన్న బొమ్మకి గురి పెట్టాల్సిన గేమ్‌లో అది చికాకే. పైగా కన్సోల్‌కి ఉన్న కంట్రోలర్ పోర్టులు రెండే.

అంతకన్నా పెద్ద చిక్కు పక్కింటివాళ్లతో వచ్చింది. అప్పటికే ప్లేస్టేషన్ మీద 1998లో 'మెటల్ గేర్ సాలిడ్', 1999లో 'సిఫన్ ఫిల్టర్' వచ్చేశాయి. హీరోని బయటి నుంచి చూస్తూ ఆడే యాక్షన్ గేమ్ ఎలా ఉండాలో జనానికి ఒక అంచనా ఏర్పడింది. నింటెండో 64 మీద ఆటల సంఖ్యే తక్కువ, అమెరికాలో మొత్తం మీద మూడొందలు కూడా లేవు. ఆకలి మీదున్నవాడికి పచ్చడి మెతుకులూ రుచే. ప్లేస్టేషన్ వాళ్ల ముందు పెళ్లి భోజనం ఉంది.

ఇక డ్రీమ్‌కాస్ట్. మెయిన్ మెమరీ 16 ఎంబీ, వీడియోకి 8 ఎంబీ, బొమ్మ 640 బై 480లో నిక్కచ్చిగా కనిపిస్తుంది. ఈ మెషీన్ 1999లో అమెరికాలో అడుగు పెట్టిన రోజే పక్కన 'సోల్‌క్యాలిబర్' ఉంది. 2000 చివర్లో 'షెన్మూ' కూడా వచ్చేసింది. అలాంటి చోటికి సార్జ్ నింటెండో 64 నాటి ఒంటితో వచ్చి నిలబడ్డాడు. రెజల్యూషన్ పెరిగింది, అంతే. అంత నిక్కచ్చి తెరమీద, అప్పటిదాకా పచ్చరంగు దాచిన లోటంతా బయటపడింది. "ఇది పాత కన్సోల్ గేమ్‌లా ఉంది" అన్న మాట డ్రీమ్‌కాస్ట్ రివ్యూల్లో ఊరికే రాలేదు. అదే సీజన్‌లో త్రీడీఓ మిగతా రెండు కన్సోల్స్ మీద రెండో భాగం 'సార్జెస్ హీరోస్ 2' అమ్ముతోంది. కొత్త మెషీన్ కొన్నవాడికి పాత భాగం, పాత మెషీన్ ఉన్నవాడికి కొత్త భాగం! ఈ ప్లానింగ్ ఎవరిదో కానీ, దణ్ణం పెట్టాలి.

"అయితే క్రిటిక్స్ గ్రాఫిక్స్ చూసి మార్కులు వేశారన్నమాట" అని మీరు అనొచ్చు. కొంత నిజమే. కానీ డబ్బు పెట్టి కొనేవాడి వైపు నుంచి చూడండి. డ్రీమ్‌కాస్ట్ ఉన్నవాడికి అదే ధరలో ఇంకా ఏమేం దొరుకుతాయో చెప్పడమే రివ్యూ పని. గేమ్ ఎక్కడ పుట్టింది, ఎన్నాళ్ల కిందట పుట్టింది అన్నది అతని సమస్య కాదు.

త్రీడీఓ ఇలా ఎందుకు చేసిందో తెలిస్తే కాస్త జాలి కూడా వేస్తుంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ని 1982లో మొదలుపెట్టిన ట్రిప్ హాకిన్స్ ఈ కంపెనీ స్థాపకుడు. త్రీడీఓ ముందు కన్సోల్ వ్యాపారంలోకే దిగింది. 1993లో వచ్చిన ఆ కన్సోల్ ధర 699 డాలర్లు. అంత పెట్టి కొనేవాళ్లు కరువయ్యారు. చివరికి హార్డ్‌వేర్ వదిలేసి, ఇతరుల కన్సోల్స్‌కి గేములు చేసే కంపెనీగా మిగిలింది. 1998లో పీసీ మీద వచ్చిన మొదటి 'ఆర్మీ మెన్' చేతికి దొరికింది. ఇక దాన్ని వదల్లేదు. భూమ్మీద యుద్ధం, హెలికాప్టర్ యుద్ధం, అంతరిక్షంలో బొమ్మలు, చేతిలో పట్టుకునే గేమ్‌బాయ్ కలర్‌కి ఒకటి... అయిదారేళ్లలో డజనుకు పైగా టైటిల్స్. ప్లాస్టిక్ బొమ్మల్ని ఎలా అచ్చులో పోస్తారో, గేముల్నీ అలాగే పోశారు. రివ్యూ రాసేవాడి బల్ల మీదకి నెలల తేడాతో అదే పచ్చ డబ్బా మళ్లీ మళ్లీ వస్తే ఓపిక ఎక్కడుంటుంది? 2003లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. గేముల్ని ఇంకాస్త నిదానంగా, మెషీన్‌కి తగ్గట్టు చేసి ఉంటే బతికేదా? చెప్పలేం. కానీ సార్జ్ పరువు మాత్రం దక్కేది.

బొమ్మ సైనికుల ఐడియాలోనే దోషం ఉందనేవాళ్లకి నా జవాబు 2010లో వచ్చిన 'టాయ్ సోల్జర్స్'. సిగ్నల్ స్టూడియోస్ దీన్ని ఎక్స్‌బాక్స్ 360 డౌన్‌లోడ్ స్టోర్ కోసం చేసింది. మొదటి ప్రపంచ యుద్ధాన్ని ఒక గదిలో బల్ల మీద పేర్చిన బొమ్మల కొలువులా చూపించారు. మెషీన్‌గన్లు, మోర్టార్లు మీరే అమర్చుకోవాలి, కావాలనుకుంటే వాటిలో ఒకదాని వెనక స్వయంగా కూర్చుని కాల్చొచ్చు. శత్రువు మీ టాయ్ బాక్స్‌లోకి చేరకూడదు, అంతే రూల్. కన్సోల్ కంట్రోలర్‌తో టవర్ డిఫెన్స్ ఆడటం ఎలా అనే ప్రశ్నకి ముందే సమాధానం ఆలోచించి చేసిన గేమ్ అది. క్రిటిక్స్ బాగా మెచ్చుకున్నారు. ఐడియా పాతదే, పనితనం కొత్తది. అదే సిరీస్ 2015లో యూబీసాఫ్ట్ ద్వారా 'వార్ చెస్ట్' పేరుతో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్, పీసీ మీదకి వచ్చింది. ఈసారి హీ-మ్యాన్, జీ.ఐ. జో లాంటి పేరున్న బొమ్మలు కూడా ఉన్నాయి. కానీ అవి కావాలంటే అదనంగా డబ్బు కట్టాలి. రివ్యూల్లో మెప్పు తగ్గింది, జేబు గురించిన సణుగుడు పెరిగింది.

ఇదంతా పాతికేళ్ల కిందటి గొడవ కదా అనుకుంటే, 2020 డిసెంబర్ గుర్తు తెచ్చుకోండి. 'సైబర్‌పంక్ 2077' విడుదలకి ముందు రివ్యూలకి ఇచ్చింది పీసీ వెర్షన్. మార్కులు ఆకాశంలో ఉన్నాయి. తీరా మామూలు ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ ఉన్నవాళ్లు ఆడితే అది గేమ్‌లా కాక స్లైడ్ షోలా నడిచింది. సోనీ తన స్టోర్ నుంచే దాన్ని తీసేసి, డబ్బు వాపసు ఇవ్వాల్సి వచ్చింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. ఆ పీసీ రివ్యూలు అబద్ధం చెప్పాయని నేను అనను. వాళ్లు ఆడిన గేమ్ వేరు, జనం కొన్న గేమ్ వేరు.

మన ఫోన్ల దగ్గరికి వస్తే ఇది రోజూ జరిగేదే. బీజీఎంఐ ఒక ఫోన్‌లో 90 ఫ్రేమ్స్ చూపిస్తే, పక్కవాడి ఫోన్‌లో ఆ ఆప్షన్ సెట్టింగ్స్‌లోనే కనిపించదు. ప్లే స్టోర్‌లో మాత్రం ఇద్దరికీ కలిపి ఒకటే యాప్ పేజీ, అవే నక్షత్రాలు. ఫ్లాగ్‌షిప్ మీద ఆడి "స్మూత్‌గా ఉంది" అని రాసే రివ్యూ చదివి, పదిహేను వేల ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకుని, ఇరవై నిమిషాలకే ఫోన్ ఇస్త్రీపెట్టెలా వేడెక్కితే తప్పెవరిది? గేమ్‌దీ కాదు, కొన్నవాడిదీ కాదు. ఫోన్ మోడల్, ర్యామ్, ఎంతసేపు ఆడారు, ఏ గ్రాఫిక్స్ సెట్టింగ్‌లో ఆడారు. ఈ నాలుగూ రాయడానికి ఒక్క లైను చాలు. ఆ లైను లేని గేమ్ రివ్యూ కనిపిస్తే కింద కామెంట్‌లో మొహమాటం లేకుండా అడగండి. నా రివ్యూల కింద కూడా.

ఇక సార్జ్‌ని ఒకసారి పలకరించాలని ఎవరికైనా అనిపిస్తే, మూడింటిలో నా ఓటు నింటెండో 64 వెర్షన్‌కే. కెమెరా విసిగిస్తుంది, ముందే చెప్తున్నా. ఇంకో ముగ్గురిని పోగేసుకుని మల్టీప్లేయర్‌లో దిగండి, ఫ్లేమ్‌త్రోయర్ మాత్రం మీరే ముందు తీసుకోండి.