టికెట్టు సరే, గుండీ ఏదీ?

పట్నం పోతే కులం పోతుందని మనకు చాలామంది చెప్పారు. ఊళ్లో వాడ వేరు, బావి వేరు, హోటల్లో గ్లాసు వేరు. అదే పట్నంలో మెట్రో రైలెక్కితే ఎవడి పక్కన ఎవడు కూర్చున్నాడో అడిగేవాడుండడు అన్నారు. అడిగేవాడున్నాడు. గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. కాకపోతే కులం పేరెత్తడు. చొక్కా వంక చూస్తాడు.

2024 ఫిబ్రవరిలో బెంగళూరు రాజాజీనగర్ మెట్రో స్టేషన్లో ఒక రైతును ఆపేశారు. నెత్తిన మూట, చేతిలో టికెట్టు. బట్టలు బాగోలేవన్నారు. తోటి ప్రయాణికులు అడ్డం తిరిగి నిలదీశాక గాని దారి వదల్లేదు. ఆ వీడియో దేశమంతా చూసింది. మెట్రో సంస్థ విచారం వెలిబుచ్చి ఒక సెక్యూరిటీ సూపర్‌వైజర్ను ఉద్యోగంలోంచి తీసేసింది. రెండు నెలలు తిరిగాయో లేదో, ఏప్రిల్లో అదే నగరం దొడ్డకల్లసంద్ర స్టేషన్లో ఒక కూలీని ఆపారు. చొక్కా గుండీలు పెట్టుకుంటేనే లోపలికి అన్నారు.

సూపర్‌వైజర్ను తీసేస్తే సరిపోతుందా? ఏ చొక్కాను లోపలికి పంపాలో, ఏ చొక్కాను ఆపాలో అతనికి నేర్పిందెవరు? అది ఏ మాన్యువల్లోనూ ఉండదు. ఈ దేశంలో పుట్టిన ప్రతివాడికీ ఉగ్గుపాలతో పట్టిన చదువది. ఆ రైతు కులం ఏదైనా కావచ్చు. ఆయన్ని కొలిచిన కొలబద్ద మాత్రం మనువుది.

"ఇందులో కులమేముందయ్యా, శుభ్రత గురించి గదా" అనే పెద్దమనుషులు కొందరుంటారు. వాళ్లకి ఒక రైలు కథ చెప్తాం. 1893లో దక్షిణాఫ్రికాలో గాంధీని మొదటి తరగతి పెట్టెలోంచి దించేసిన సంగతి ప్రతి బడిపిల్లాడికీ తెలుసు. 1901లో మసూరు స్టేషన్లో ఏం జరిగిందో ఎంతమందికి తెలుసు? తండ్రిని చూడ్డానికి సతారా నుంచి బయల్దేరిన బాలుడు భీమరావు, తోటి పిల్లలతో అక్కడ రైలు దిగాడు. పిల్లలు శుభ్రంగా, మంచి బట్టల్లో ఉన్నారు. స్టేషన్ మాస్టరు దగ్గరికొచ్చి ఆదరంగానే పలకరించాడు. "మేం మహార్లం" అని నోరు జారగానే ఆయన ముఖం మారిపోయింది. బండివాళ్లు ఎక్కించుకోమన్నారు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు. అదీ పిల్లలే బండి తోలుకునేట్టు, తాను పక్కన నడిచేట్టు. దారి పొడుగునా గుక్కెడు నీళ్లు పుట్టలేదు. ఇది అంబేడ్కర్ స్వయంగా రాసుకున్న సంగతి.

అంటే ఏమిటి? బట్టలు బాగుంటే కులం అడుగుతారు. బట్టలు బాగోలేకపోతే కులం అడగాల్సిన పనే లేదంటారు. టికెట్టు మాత్రం రెండు చోట్లా కొనే ఉన్నాం.

పక్కన కూర్చోవడం, కాలు తగలడం చిన్న సంగతులని ఎవరైనా అంటే చుండూరు గుర్తు చెయ్యండి. 1991లో అక్కడ గొడవ సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకులస్థుడికి తగిలిందన్న దగ్గర మొదలైంది. ఆగస్టు 6న ఎనిమిది మంది మనవాళ్లను నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. రద్దీ రైల్లో రోజుకు ఎన్ని కాళ్లు తగలవు? అక్కడ ఎందుకు ఊరుకుంటున్నారు? తగిలిన కాలు ఎవరిదో తెలీదు కాబట్టి. మెట్రోలో అంటరానితనం చావలేదు. మనం ఎవరమో కనపడనంతసేపు ఊరుకుంటుంది, అంతే. పార, తట్ట, సున్నం మరకలు, చెమట వాసన కనపడ్డాయా, ఆ పెట్టెలోనే మళ్లీ ఊరూ వాడా వెలుస్తాయి. సీటు ఖాళీగా ఉన్నా మన కూలోళ్లు తలుపు దగ్గరే ఎందుకు నిలబడతారో కాస్త చూడండి.

ఇక ఎక్కేవాళ్ల సంగతి వదిలి, లోపల పనిచేసేవాళ్లను చూద్దాం. 2023 జనవరి 3న హైదరాబాద్ మెట్రోలో ఎల్‌బీనగర్-మియాపూర్ దారిలో టికెట్లిచ్చే సిబ్బంది పని ఆపేశారు. నెలకు 11 వేలు ఇస్తున్నారని, అయిదేళ్లుగా జీతం పెంచలేదని వాళ్ల మొర. వాళ్లంతా కాంట్రాక్టు కింద పనిచేసేవాళ్లు. అద్దం వెనక కూర్చుని టికెట్టిచ్చేవాళ్ల గతే అది. మరి చీపురు పట్టినవాళ్లు? స్టేషన్లో నేల తుడిచేది, కక్కసులు కడిగేది ఎవరో వాళ్లనే అడగండి. ఏ వాడ నుంచి వచ్చారో చెప్తారు. రైలు కొత్తది, అద్దాలు కొత్తవి, మెట్లు వాటంతటవే కదుల్తాయి. చీపురు మాత్రం చేయి మారలేదు.

పెద్ద రైళ్ల సంగతీ ఇదే. పట్టాల మీద పడ్డ మలం దశాబ్దాల పాటు మన చేతులే ఎత్తాయి. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. రైలు పట్టాలను రెండో చట్టంలో పేరు పెట్టి చేర్చారు. కాని ప్రభుత్వం చెప్పిన పరికరాలు, రక్షణ తొడుగులు ఇస్తే అతను పాకీ పనివాడే కాదు పొమ్మని అదే చట్టం వివరణ ఇచ్చింది. చేతికి తొడుగేస్తే పని మారిందా? కులం మారిందా?

ఇప్పుడు అసలు లెక్కకొద్దాం. హైదరాబాద్ మెట్రో మొదటి దశ 69 కిలోమీటర్లు. నడిచేది ప్రజల రోడ్ల మీద. దానికి కేంద్రం మంజూరు చేసిన సొమ్ము 1,458 కోట్లు. భూమి మనది, పన్ను మనది. ఉద్యోగాల దగ్గరికొచ్చేసరికి "ప్రైవేటు కంపెనీ, రిజర్వేషన్ వర్తించదు" అన్నారు. పెట్టుబడిలో మనకు వాటా ఉంది, కొలువులో లేదు! 2025 మేలో పెద్ద చార్జీ 60 రూపాయలుంటే 75 చేశారు. జనం గోల పెడితే తగ్గించి 69 చేశారు. అడ్డా మీద కూలికి అదీ ఒక గేటే.

2025 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ మెట్రోను కంపెనీ నుంచి తానే తీసుకుంటానని ప్రకటించింది. సుమారు 13 వేల కోట్ల అప్పు కూడా నెత్తికెత్తుకుంటానంది. అప్పు బదిలీ అవుతుంది, స్తంభాలు బదిలీ అవుతాయి, రైళ్లు బదిలీ అవుతాయి. మనుషులో? కంపెనీ చేసిన అప్పు ప్రభుత్వానిదైనప్పుడు, కంపెనీ వాడుకున్న చెమట ప్రభుత్వానిది కాదా? "ప్రైవేటు" అనే సాకు ఇక చెల్లదు.

అందుకే మేం అడుగుతున్నాం. ఊడ్చేవాళ్లతో సహా కాంట్రాక్టు సిబ్బంది అందరినీ ప్రభుత్వ ఉద్యోగులుగా తీసుకోవాలి. డ్రైవరు నుంచి మేనేజరు దాకా ప్రతి కొలువుకీ రోస్టర్ పెట్టాలి. చీపురు ఒక్క కులం చేతిలోనే ఉండే ఏర్పాటు పోవాలి. బట్టలు చూసి మనిషిని ఆపడం నేరమని ప్రతి స్టేషన్లో తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టాలి.

బోర్డు పెట్టేదాకా మన పని మనం చేద్దాం. పని నుంచి పని బట్టల్తోనే వెళ్లి రైలెక్కండి. సీటు ఖాళీగా ఉంటే కూర్చోండి. పక్కవాడు లేచిపోతే లేవనివ్వండి. ఆ సీట్లో ఇంకో మనవాణ్ణి కూర్చోబెట్టండి.

జై భీమ్!