అప్‌డేట్లు – యజమాని సమ్మతి

కంప్యూటరును నడపు ఆదేశముల సముదాయమే సాఫ్టువేరు. అందలి లోపములను దిద్దుటకై తయారీదారులు పంపు మార్పులను అప్‌డేట్లందురు. ఇవి తమంత తామే యంత్రమున చేరవలయునా, యజమాని సమ్మతికై వేచియుండవలయునా?

వేచియుండుటవలని కీడు 2017లో తెలిసివచ్చినది. విండోస్‌లోని యొక లోపమునకు మైక్రోసాఫ్టు సంస్థ మార్చిలోనే సవరణ పంపినది. దానిని అమర్చుకొనని యంత్రములపై మే 12న వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము విరుచుకుపడి, ఒకదానినుండి మరియొకదానికి ప్రాకినది. బ్రిటనులో వైద్యశాలలు చికిత్సలను వాయిదా వేసినవి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లును దాని వాతబడినవి.

అట్లని పగ్గములన్నియు పంపువాని చేతికిచ్చుట క్షేమము కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సంస్థ పంపిన దోషయుక్తమైన ఫైలు సుమారు 85 లక్షల కంప్యూటర్లను కూల్చినది. హైదరాబాదు విమానాశ్రయమున బోర్డింగు పాసులను చేతితో వ్రాసి యిచ్చిరి. క్రొత్త మార్పులను కొంత ఆలస్యముగా స్వీకరించునట్లు కొన్ని సంస్థలు ముందే ఏర్పాటు చేసికొన్నవి; ఆ ఫైలు దానిని లెక్కచేయలేదు! 78 నిమిషములలో దానిని ఉపసంహరించినను, పెక్కు యంత్రములను మనుష్యులు ఒక్కొక్కదాని చెంతకు పోయి బాగుచేయవలసివచ్చెను. అట్టి ఫైళ్ల రాకను నియంత్రించు వీలు వాడుకరులకు అటుపిమ్మటనే కలిగినది.

రక్షణకై వచ్చు సవరణను నెలల తరబడి త్రోసిపుచ్చినవాడు పొరుగువాని యంత్రమునకును ముప్పు తెచ్చును. కావున అది తానుగా వచ్చుటయే యుక్తము. కాని ఏ వేళ రావలయునో యజమానియే నిర్ణయింపవలెను. ప్రశ్నపత్రము ముద్రించుచున్న పాఠశాల కంప్యూటరు నడుమ ఆగిపోయిన, ఆ నష్టమును భరించునది పాఠశాలయే గదా! ఇక తెరపై రంగులు, బొమ్మలు మార్చు అప్‌డేట్లకు ఈ తొందరయు లేదు. వానిని యజమాని వలదన్నచో యంత్రము మరల అడుగరాదు.